బండ కాదు, గుట్ట

సోమవారం పొద్దున తమ్ముడు ఫోన్ చేసి, మా పెద్దబాపు పోయాడని చెప్పాడు. ఏడుపు రాలేదు. ఆయన మంచాన పడ్డ ఏడాదిగా ఈ ఫోన్ కోసం చూసి చూసి అలసిపోయాను. కల్వకుర్తి దాటి బస్సు మా ఊరి మలుపు తిరిగి, సగం తెగిన గుట్ట కనబడ్డాక కళ్ళు నిండాయి.

పెద్దబాపు బతుకంతా ఆ గుట్ట మీదే గొర్రెలు, మేకలు కాశాడు. బడి గడప తొక్కినవాడు కాదు. నేను పిల్లలకు తెలుగు చెప్పి బతుకుతున్నవాణ్ణి కాబట్టి మాటల సంగతి నాకే తెలుసనుకునేవాణ్ణి.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు గుట్టను కంకర మిషన్‌కు ఇస్తున్నారని తెలిసి, ఊరివాళ్ళు నాతో అర్జీ రాయించారు. వేలిముద్రలన్నీ పడ్డాక చదివి వినిపించాను. 'మా ఊరి బండను కాపాడండి' అనగానే పెద్దబాపు ఆపాడు.

"బండ అని రాయకు బిడ్డా. బండంటే వట్టి రాయి. రాయంటే కొట్టుకపోతరు. గుట్ట అని రాయి."

రెండూ ఒకటే కదా అన్నాను. ఆయన వాదించకుండా నన్ను గుట్ట ఎక్కించాడు. నాకు ఆయాసం, ఆయన నోట్లో బీడీ. ఎండాకాలం దాకా నీళ్ళు నిలిచే గుంట చూపాడు. ఈనే గొర్రెను వాన తగలకుండా పడుకోబెట్టే సందు చూపాడు. వడ్లు కుప్ప పోస్తే గుట్ట అయినట్టే, గడ్డి, నీళ్ళు, నీడ, జీవాలు ఒక్కచోట కూడితేనే గుట్ట అంటారట. వాళ్ళ అవ్వ చెప్పిందట. తర్వాత నిఘంటువు తీశాను. కుప్ప అని ఉంది, జీవాల ఊసు లేదు.

ఇప్పుడు చెప్పక తప్పదు. ఆ అర్జీ నేను మార్చలేదు. అందరినీ పిలిచి మళ్ళీ ముద్రలు వేయించడానికి బద్ధకించి, అలాగే ఆఫీసులో ఇచ్చి వచ్చాను. ఆ ఒక్క మాటతో మిషన్ ఆగేది కాదేమో. అయినా ఆయన అడిగింది ఆ ఒక్క మాటే.

మిషన్ దిగి మేత పోయాక మంద సగం అమ్ముకొని, మిగిలిన మేకలను రోడ్డు పక్కన తిప్పుకుంటూ కూడా, నన్ను చూస్తే "నువ్వు మంచిగనే రాసినవ్ బిడ్డా, ఆళ్ళే సదవలేదు" అనేవాడు. నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మిగిలిన సగం గుట్ట కిందే పూడ్చాం. కుక్కలు తవ్వకుండా మావాళ్ళు మనిషికో రాయి తెచ్చి పైన పేరుస్తారు. నేనూ ఒకటి పెట్టాను. వచ్చేటప్పుడు వెనక్కి చూడకూడదంటారు. చూశాను. ఆయన మేకల్లో ఒకటి ఆ రాళ్ళ కుప్ప ఎక్కి నిలబడి, మేతకు చుట్టూ చూస్తోంది.