కెమెరాకి భయపడే బావ

మా బావకి భయం. దేనికి అని అడిగితే తెల్లారిపోతుంది, దేనికి కాదో అడగండి. కరెంటు స్తంభాలకి భయపడడు. ఉద్యోగమే వాటి మీద. ఇంటికొచ్చి పిల్లల ఫోటో తీద్దామని కెమెరా పట్టుకోగానే మాత్రం కాళ్లు వణుకుతాయి.

కిటికీకి బారెడు దూరంలో కుర్చీ వేస్తాడు. విరుగుతుందేమోనని తనే మూడుసార్లు కూర్చుని చూస్తాడు. వెలుగు రెండో చెంప మీద పడడానికి తెల్ల అట్ట నిలబెట్టి, పడిపోతుందేమోనని తాడు కడతాడు. తాడు తెగుతుందేమోనని ఇంకో తాడు. కంప్యూటర్లో దిద్దుతుంటే ఒక్కో మార్పుకీ ఒక్కో నకలు.

"నన్ను చేసుకునే ముందు కూడా ఓ నకలు దాచుకోవాల్సింది" అంటుంది మా అక్క.

"ఒక్కదానికే చస్తున్నా" అంటాడు బావ.

పని మాత్రం పని. ఎవరూ నేర్పలేదు, పాడుచేసి నేర్చుకున్నాడు. పిల్లల కళ్ల ఎత్తుకి దిగడానికి నేల మీద బోర్లా పడుకుంటాడు. ఫోటోలో రేపటికి మానిపోయే మొటిమ తుడుస్తాడు, పుట్టుమచ్చ జోలికి పోడు.

ఓసారి మా ఆరేళ్ల పాప మెట్ల మీంచి పడింది. కనుబొమ మీద ఐదు కుట్లు. కుట్లు విప్పించుకుని ఇంటికి రాగానే అద్దం మీద తువ్వాలు కప్పేసింది. పది రోజులు బడి లేదు. జుట్టు ముఖం మీదికి లాక్కుని మూల కూర్చునేది. రేపు బడిలో క్లాసు ఫోటో. "రాను" అంటే రాను. ఈ పిల్ల ఇక తలెత్తి తిరగదేమోనని నాకు లోపల ఒకటే గుబులు. నా భార్య బావని పిలిపించింది.

"అన్నయ్యా, ఫోటో తీసి ఆ గీత చెరిపెయ్యండి. పోయిందని చూపిద్దాం."

బావ బోర్లా పడుకున్నాడు. చేతిలో కెమెరా గడగడలాడుతోంది.

"అమ్మో, నావల్ల కాదు. నొక్కితే ఏమవుతుందో!"

మూల నుంచి, ముఖానికి అడ్డం పెట్టుకున్న దిండు వెనక నుంచి పాప గొంతు. "ఏమీ కాదు మావయ్యా."

"నీకేం, కనపడకుండా కూర్చున్నావు. ఇక్కడ నేనొక్కణ్ణే."

"నేనున్నాగా!"

"ఎక్కడున్నావ్? నాకు కనపడవే! వణుకొస్తోందమ్మా..."

పాప దిండు పక్కన పడేసి వచ్చి కుర్చీలో కూర్చుంది. మావయ్య ఎంత భయపడుతున్నాడో చూద్దామని జుట్టు వెనక్కి తోసుకుంది. "ఇంత పెద్దయ్యాక భయమేంటి?" అని కోప్పడింది. అప్పుడు నొక్కాడు.

కంప్యూటర్లో ముందు కన్ను ఒక్కటే చూపించాడు, తెర నిండా. కంటిపాపలో మా కిటికీ, దాని ముందు బోర్లా పడ్డ బావ. పాప పగలబడి నవ్వింది. బావ బొమ్మని కొంచెం కొంచెంగా చిన్నది చేశాడు. కనురెప్పలు వచ్చాయి. కనుబొమ వచ్చింది, దాని మీద కుట్ల గీత. నా భార్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పాప నవ్వు ఆగిపోయింది. తెరకి ముక్కు ఆనించి చూసింది.

"ఇదేనా?"

"ఇదే."

"ఇంతేనా? నేను ముఖమంతా అనుకున్నా."

"చెరపనా?"

పాప ఆలోచించింది. "వద్దులే. నీ చెయ్యి వణికి కన్ను కూడా పోతుంది."

వీధిలోకి వెళ్తుంటే బావని ఆపాను. "నిజం చెప్పు బావా, అంత భయమా నీకు?"

"కుర్చీకీ అట్టకీ నిజమే. మిగతాది పిల్లల కోసం." చెప్పులు వేసుకున్నాడు. "భయపడ్డ పిల్ల ముందు మనం ధైర్యం చెప్తే ఇంకా ముడుచుకుంటుంది. మనం వణికితే తనే పెద్దరికం తీసుకుంటుంది."

ఇంతలో పాప పరిగెత్తుకొచ్చింది. చేతిలో బడి సంచీ.

"మావయ్యా, రేపు మా బడిలో ఫోటో తీసే ఆయన కూడా వణుకుతాడా?"

బావ నా వైపు చూశాడు. "బాగా వణుకుతాడమ్మా. పాపం, మొదటి వరసలో కూర్చో."