మైకు కేదారప్ప నోరు ఆగిన పూట

కళ్యాణదుర్గంలో మైకు కేదారప్పను ఎరగనివాళ్ళు ఉన్నారంటే, వాళ్ళు నిన్ననో మొన్ననో బస్సు దిగినవాళ్ళై ఉండాలి. టాకీసులో సినిమా మారినా, సబ్సిడీ వేరుశనగ విత్తనాలు వచ్చినా, ఎవరి మేక తప్పిపోయినా, ఆటోకి మైకు కట్టుకుని వీధివీధీ తిరిగి చెప్పేది ఆయనే. మైకు విప్పాక నోరు కట్టేస్తాడా అంటే, అబ్బే! టీ బంకు దగ్గర మొదలుపెట్టాడంటే, చేతిలో టీ చల్లారి మీగడ కట్టి, బంకువాడే విసుగెత్తి గ్లాసు లాక్కోవాలి.

ఆ మాటల్లో సగం కులం మీదే. వైశ్యుల ఇంట్లో పుట్టాడు, పేరు చివర శెట్టిని తానే కత్తిరించేశాడు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే తొగటవాళ్ళ పిల్ల చౌడేశ్వరిని ఇష్టపడి చేసుకున్నాడు. ఎవరైనా కులం అడిగితే చాలు, ఒంటికాలి మీద లేచేవాడు. మంచిదే, కాదనేదెవరు? కానీ ఎంత మంచి మాటకైనా వేళాపాళా ఉండొద్దూ!

రెండువేల రెండు ఎండాకాలంలో కేదారప్పకు కడుపునొప్పి పట్టుకుంది. అపెండిక్సు వాచింది, ఇవాళే కోయాలి అన్నారు నర్సింగ్ హోములో. మత్తు ఇవ్వడానికి అనంతపురం నుంచి దివాకర్ డాక్టరు వచ్చాడు. నాడి చూశాడు, నోరు తెరిపించి చూశాడు, చివరికి నెమ్మదిగా, "మీరు వైశ్యులా?" అని అడిగాడు.

నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషి దిగ్గున లేచి కూర్చున్నాడు. ఇంత చదివి కులం అడుగుతావా, కత్తికి కులముందా, సూదికి కులముందా అని అందుకున్నాడు. డాక్టరు కారణం చెప్పబోతే చెప్పనిస్తేగా! ఆఖరికి, "మాది తొగటోళ్ళ ఇల్లు. రాసుకోప్పా" అని ముగించాడు. పెళ్ళాం వైపు నుంచి అది నిజమే మరి.

డాక్టరు నమ్మాడు. స్కోలిన్ సూది వేశాడు. గొంతులోకి గొట్టం దించేటప్పుడు కండలన్నీ సడలడానికి వేసే మందు అది. ఊపిరి కండలు కూడా సడలిపోతాయి కాబట్టి కాసేపు డాక్టరే రబ్బరు సంచి నొక్కి ఊపిరి ఊదాలి. నాలుగైదు నిమిషాల్లో మందు విరిగిపోతుంది, మనిషి తన ఊపిరి తాను తీసుకుంటాడు. లోకంలో అందరికీ అంతే. కేదారప్పకు మాత్రం అపెండిక్సు తీయడం అయింది, కుట్లు వేయడం అయింది, ఊపిరి రాలేదు.

డాక్టరు చౌడేశ్వరిని లోపలికి పిలిపించి, నిజం చెప్పమ్మా, ఈయనది ఏ కులం, ఇంట్లో మేనరికాలున్నాయా అని అడిగాడు. "శెట్టిగారే సార్. మా మామ సొంత అక్క బిడ్డనే చేసుకున్యాడు" అందామె.

"అమ్మయ్య!" అని డాక్టరు నవ్వేశాడు. మొగుడు ఊపిరాడక పడుంటే ఈ నవ్వేంది అని చౌడేశ్వరికి ఒళ్ళు మండింది. అప్పుడు చెప్పాడాయన. మన కాలేయం కోలినెస్టరేజ్ అనే ఎంజైమును తయారుచేసి రక్తంలోకి వదులుతుంది, ఈ మందును విరగ్గొట్టేది అదే. కొన్ని వైశ్య కుటుంబాల్లో పుట్టుకతోనే అది ఉండదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా ఆ లోపం వస్తేనే ఇలా అవుతుంది. తరతరాల మేనరికాల్లో రెండూ కలుస్తుంటాయి. అది లేకపోయినా తిండికీ తిరుగుడుకీ లోటుండదు, ఈ సూది పడిన రోజే బయటపడుతుంది. కారణం తెలిసింది కాబట్టి ఇక భయం లేదు, మందు తనంతట తాను కరిగేదాకా ఊపిరి ఊదుతూ ఉండాలి, అంతే.

"అంటే పోగు తెంచే కత్తెర లేదన్నమాట" అంది చౌడేశ్వరి. మరి మా పాపకో అని ఆత్రంగా అడిగింది. నీ నుంచి ఒక కత్తెర వచ్చే ఉంటుందిలే, అది చాలు, అయినా ఎప్పుడైనా ఆపరేషనంటే ముందే చెప్పండి అన్నాడు డాక్టరు.

ఇదంతా కేదారప్ప వింటూనే ఉన్నాడు! మత్తు పలచబడి చెవులు తెరుచుకున్నాయి, రెప్ప మాత్రం లేవదు, వేలు కదలదు. కులం వద్దు వద్దని ఊరంతా అరిచినవాడికి ఒంట్లోనే ఇంత కులం దాక్కుందా! వెయ్యి మాటలు గొంతు దాకా వచ్చాయి. అక్కడ గొట్టం ఉంది. ఆ సంచి ఆగిందో, తన పని సరి!

డాక్టరు తర్వాత సంచి నొక్కుతున్న నర్సు బయమ్మకు చేతులు నొప్పి పుడుతుంటే చౌడేశ్వరి సంచి అందుకుంది. మగ్గం మీద పెరిగిన చేయి, లయ ఎక్కడ తప్పుతుంది? ఆయనకు వినపడుతుండొచ్చు, భయపడకుండా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండమ్మా అన్నాడు డాక్టరు.

మాట్లాడమంటే ఆమెకు ముందు ఏడుపొచ్చింది, ఆ వెనకే నవ్వొచ్చింది. "నిన్ను చేసుకున్నప్పట్నుంచి ఒక్క మాటన్నా చివరిదాకా పోనిచ్చినావా నువ్వు? ఈ పొద్దు ఇను" అని మొదలుపెట్టింది.

వాళ్ళ పెళ్ళి కథ కేదారప్ప ఊరంతటికీ చెప్పిందే. ధర్మవరంలో చౌడమ్మ తల్లి జ్యోతుల పండగకు మైకు కట్టాడు. కరెంటు పోయింది. అయినా వదలకుండా వాయించిన తన గొంతుకే ఈ పిల్ల పడిపోయింది. ఇన్నేళ్ళుగా కథ ఇదే.

"కరెంటు పోలేదప్పా. వైరు పీకింది నేనే" అంది చౌడేశ్వరి.

కేదారప్ప మనసు మంచం మీంచి ఎగిరి దూకింది. ఒళ్ళు కదల్లేదు. ఇన్నేళ్ళూ తను తిట్టిపోసిన కరెంటువాళ్ళు ఏమైపోవాలి!

ఆమె చెప్పుకుంటూ పోయింది. ఈయన అరుపులకు మగ్గం దగ్గర వాళ్ళ నాయన అంచు లెక్క తప్పి తిట్టుకుంటున్నాడట. అందుకే వెళ్ళి పీకేసిందట. ఈయనకు మైకు ఆగిన సంగతే తెలియలేదట, చేతులు ఊపుతూ నోరు ఆడిస్తూనే ఉన్నాడట. గోడ చాటున పడిపడి నవ్విందట. చెబుతూ ఇప్పుడూ నవ్వింది, బయమ్మ నవ్వింది, డాక్టరు గోడకేసి తిరిగి భుజాలు కదిలేలా నవ్వాడు.

"మళ్ళా నేనే పోయి వైరు పెట్టినా. ఎందుకు పెట్టినానంటే..."

చేతిలో సంచి ఎదురు తన్నింది. కేదారప్ప సొంతంగా ఊపిరి పీల్చాడు! డాక్టరు ఒక్క ఉరుకున వచ్చాడు. వేళ్ళు కదిలేదాకా, తల ఎత్తి పట్టేదాకా ఆగి, గొట్టం తీశాడు. ఇక మైకు మొదలవుతుంది, కులం మీద ఎంతసేపు వినాలో అని బయమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

కేదారప్ప పెదవులు తడుపుకున్నాడు. గొంతు బొంగురుపోయింది.

"వైరు మళ్ళా ఎందుకు పెట్టినావు మే?"

చౌడేశ్వరి కొంగుతో మొహం తుడుచుకుంది. "నోరు ఆడతాంది, మాట రాలే. నిన్నట్లా చూడలేకపోతినప్పా. ఈ పొద్దూ అంతే."

జవాబు ఏదో ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. ఆమె ఇంకా ఏమైనా చెబుతుందేమోనని చూస్తూ పడుకున్నాడు.