నోరు మెదపకూడని కుర్చీలో సుభద్ర గారు

చామర్తి సుభద్ర గారు దివంగతులయ్యారు. ఈ వాక్యం రాసి చెరిపి, చెరిపి రాసి, చివరికి ఇలాగే ఉంచేశాను. "దివంగతులేమిటయ్యా, చచ్చిపోయిందని రాయలేవూ? చదివేవాడు నిఘంటువు వెతుక్కోవాలా?" అని ఆవిడ గదమాయిస్తున్నట్టే ఉంది. క్షమించాలి సుభద్ర గారూ. ఆ మాట రాయడానికి నాకు చేతులు రావడం లేదు.

ఆ ఉదయం రిచ్‌మండ్ హిల్ స్టేషన్‌లో ఆఫీసు రైలు కోసం నిలబడి ఉండగా ఆవిడ కూతురు లలిత ఫోన్ చేసింది. గుండె ఆపరేషన్ బాగా జరిగిందనీ, రేపోమాపో ఇంటికి పంపుతారనీ ముందురోజే విన్నాను గనుక, అదే శుభవార్త అనుకుని ఉత్సాహంగా పలికాను. "అంకుల్, అమ్మ పోయింది" అంది లలిత. ఈ దేశంలో పుట్టి పెరిగిన ఆ అమ్మాయి, నేను తెలుగులో ఏమడిగినా ఇంగ్లీషులోనే జవాబు చెప్పేది. ఆ రోజు ఆ రెండు మాటలూ తెలుగులోనే చెప్పింది. రైలు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, వెళ్లిపోయింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

తెలియనివారి కోసం చెబుతున్నాను. సుభద్ర గారిది కాకినాడ. హామిల్టన్‌లో ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో కాపీరైట్ వ్యవహారాలు చూస్తూ పదవీ విరమణ చేశారు. ఏ గ్రంథంలోంచి ఎంత భాగం విద్యార్థులకు నకలు తీసి ఇవ్వవచ్చు, రచయిత హక్కు ఎక్కడ ఆగి చదువరి హక్కు ఎక్కడ మొదలవుతుంది, ఇదీ ఆవిడ జీవితకాలం ఉపాసించిన విద్య. రిటైరయ్యాక మా చిన్న అంతర్జాల పత్రికలో 'సంతకానికి ముందు' అనే శీర్షిక రాశారు. యంత్రాలు, నిబంధనలు, వాటి వెనక నక్కి కూర్చునే సంస్థలు ఆవిడకు నిత్య మృగయావినోదం. నేను ఆ పత్రికకు సంపాదకుణ్ణి. అంటే నెలనెలా ఆవిడ చేత చీవాట్లు తినే ఉద్యోగం నాది. "నా కామా ముట్టుకుంటే ఊరుకోను, ముందే చెబుతున్నా" అన్నది ఆవిడ పంపే ప్రతి వ్యాసానికీ మంగళాచరణం.

ఆవిణ్ణి నేను మొదట చూసింది మా తెలుగు సంఘం వేడుకలో. పిల్లల నాట్యానికి పేర్లిచ్చిన పెద్దవాళ్లందరి చేతా నిర్వాహకులు ఒక కాగితం మీద సంతకం పెట్టిస్తున్నారు. పెన్ను అందినవాళ్లం అందినట్టే గీకేస్తున్నాం. పట్టుచీర కట్టుకున్న ఒక పెద్దావిడ మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుని, కళ్లజోడు సవరించుకుని, మొదటి అక్షరం నుంచీ చదవడం మొదలుపెట్టారు. వెనక వరస పెరిగిపోతోంది. కాసేపటికి తలెత్తి, "ఏమండీ ప్రెసిడెంట్ గారూ, మా మనవరాలి నాట్యం మీద విశ్వమంతటా, శాశ్వతంగా హక్కులు మీవేనని రాశారు. శనిగ్రహంలో ఎప్పుడు వేస్తారో కాస్త ముందుగా చెబితే టిఫిను కట్టుకుని వెళ్తాం" అన్నారు. హాలంతా గొల్లున నవ్వింది. ప్రెసిడెంట్ గారు చెమట తుడుచుకుంటూ, "అది స్టాండర్డ్ ఫామ్ మేడమ్, ఎవరిదో వెబ్‌సైట్‌లోంచి కాపీ చేశాం" అన్నారు. "ఓహో! కాపీ కొట్టిన కాగితంతో మా హక్కులు రాయించుకుంటున్నారన్నమాట!" మరుసటి ఏడాది ఆ కాగితం కనబడలేదు. నేను మాత్రం ఆ రోజే ఆవిణ్ణి పత్రికకు రాయమని బతిమాలుకున్నాను.

ఇంత పట్టుదల గల మనిషి తన రాతల విషయంలో పరమ ఉదారురాలు. ఎవరో ఆవిడ వ్యాసాన్ని వాట్సాప్‌లో తిప్పుతున్నారని నేను ఉడికిపోతే నవ్వేశారు. "తిప్పనీవయ్యా. మాట ఎవరిదైనా తీసుకోవచ్చు, ఎవరిదో చెప్పాలి. పేరు చెబితే గౌరవం, చెప్పకపోతే దొంగతనం. ఇంత చిన్న సంగతికి ఆ లైబ్రరీవాళ్లు నన్ను అన్నేళ్లు జీతమిచ్చి పోషించారు."

మన దేశం నుంచి విద్యార్థులు వెల్లువలా వచ్చిపడిన సంవత్సరాల్లో ఆవిడ హాస్యానికి పదును వచ్చింది. ఊళ్లో ప్రతి బేస్‌మెంటూ పిల్లలతో నిండిపోయింది. వాళ్లను చేర్చుకోవడంలో కాలేజీలు చూపిన తొందర, నమ్మడంలో చూపలేదు. పరీక్ష ఇంట్లో కూర్చుని రాయాలి. రాస్తున్నంతసేపూ లాప్‌టాప్ కెమెరాలోంచి ఒక సాఫ్ట్‌వేర్ కాపలా కాస్తుంది. కళ్లు పక్కకు తిరిగితే అనుమానం, పెదవులు కదిలితే అనుమానం. పిల్లలు రాసిన వ్యాసాలన్నీ ఒక కంపెనీ గిడ్డంగిలో శాశ్వతంగా దాస్తారు, కాపీ పట్టడానికట. "చెప్పేవి శ్రీరంగనీతులు! కాపీ కొట్టొద్దంటూనే పిల్లల రాతలన్నిటికీ కాపీలు తీసి దాచుకుంటున్నారు. దొంగెవరో తేలేదాకా ఆ గిడ్డంగి తాళం పిల్లల దగ్గరే ఉంచడం న్యాయం" అని రాశారు. ఆ వ్యాసానికి నన్ను తిడుతూ కూడా ఉత్తరాలొచ్చాయి.

అనుమానం పడ్డ పిల్లల్ని కమిటీ ముందుకు పిలుస్తారు. తోడుగా ఒకరు వెళ్లొచ్చు. పక్కన కూర్చోవచ్చు కాని నోరు మెదపకూడదు. ఆ కుర్చీని సుభద్ర గారు తన సింహాసనం చేసుకున్నారు. ఒకసారి అధ్యక్షుడెవరో మర్యాదకు "మీరేమైనా చెబుతారా?" అని అడిగితే, నిబంధనల కాగితాన్ని ఆయన ముందుకు జరిపి, ఆ వాక్యాన్ని వేలితో చూపించి, మళ్లీ చేతులు కట్టుకున్నారట. అలాగని అందరినీ వెనకేసుకొచ్చే రకం కాదు. నిజంగానే కాపీ కొట్టినవాడొకడు ఇంటికొస్తే, "కొట్టావా లేదా? కొట్టావు కదా. పోయి ఒప్పుకో. నేను రాను. ఉప్మా చేశాను, తినేసి వెళ్లు" అన్నారు.

ఇక హరిణి సంగతి. కరీంనగర్ నుంచి వచ్చి హామిల్టన్‌లో తోటి అమ్మాయిలతో ఒక బేస్‌మెంట్‌లో ఉంటున్న విద్యార్థిని. పరీక్ష మొదలయ్యే ముందు మనమంతా చేసే పనే చేసింది. కళ్లు మూసుకుంది, చేతులు జోడించింది, పెదవులు కదుపుతూ దేవుణ్ణి తలుచుకుంది, లాప్‌టాప్‌ను తాకి కళ్లకద్దుకుంది. కష్టమైన ప్రశ్న వచ్చినప్పుడల్లా మళ్లీ అదే. ఈ పిల్ల కనబడని వ్యక్తితో మాట్లాడుతోందని సాఫ్ట్‌వేర్ తేల్చేసింది. కాలేజీ నోటీసు పంపింది. నేరం రుజువైతే చదువు పోతుంది, దాని వెంటే ఈ దేశంలో ఉండనిచ్చే స్టడీ పర్మిట్ కూడా పోతుంది.

మా సంఘం పెద్దలు సలహా ఇచ్చారు: "సారీ చెప్పెయ్యమ్మా. బయటినుంచి వచ్చినవాళ్లం, తల వంచితే పోయేదేముంది?" ఆ పిల్ల ఏడుస్తూ సుభద్ర గారింటికి వచ్చినప్పుడు, కామాల తగువు మీద నేనూ అక్కడే ఉన్నాను. "ఆంటీ, నేనేం జెయ్యలే. దండం పెట్టుకున్న, అంతే. సారీ అంటే ఇడ్సిపెడ్తరంటున్నరు" అంది. సుభద్ర గారు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టారు. "చెయ్యని తప్పుకు సారీ చెబితే అది మర్యాద కాదే, ఒప్పుకోలు. ఒకసారి రాసిచ్చావంటే బతికినంతకాలం నీ వెంటే తిరుగుతుంది. ముందు కళ్లు తుడుచుకో." తరువాత నోటీసు అంతా చదివి, కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "కనబడని వ్యక్తితో మాట్లాడిందట. నిజమే. పాపం, ఆ వ్యక్తి ఇంతవరకూ ఎవరికీ ఒక్క జవాబు కూడా చెప్పిన దాఖలా లేదు." ఏడుస్తున్న పిల్ల ఫక్కున నవ్వింది. "నేను పక్కనే కూర్చుంటా. మాట్లాడాల్సింది మాత్రం నువ్వే" అన్నారు ఆవిడ.

విచారణకు ముందే ఆపరేషన్ వచ్చిపడింది. ఆసుపత్రిలో అంగీకారపత్రం ఇస్తే స్ట్రెచర్ మీద పడుకుని కూడా పూర్తిగా చదివారని లలిత చెప్పింది. స్కానింగు బొమ్మలు వాడుకుంటామన్న వాక్యం దగ్గర ఆగి, వైద్య విద్యార్థులకు చూపిస్తారా, ఎవరికైనా అమ్ముతారా అని నర్సును నిలదీశారట. చదువుకేనని నర్సు చెప్పాక, "పిల్లల చదువుకైతే ఎన్నైనా వాడుకోండి" అని సంతకం పెట్టారట. ఆ రోజే లలిత చేత నాకొక మెసేజ్ పెట్టించారు. "హరిణి విచారణకు నేను రాలేకపోతే నువ్వు వెళ్లి కూర్చో. నోరు మూసుకుని కూర్చో. నీకది కష్టమే. అయినా కూర్చో."

దహన సంస్కారమైన వారంలోనే విచారణ. వాయిదా అడుగుదామా అంటే హరిణి ఒప్పుకోలేదు. "ఆంటీ ఉంటే అడగనియ్యకపోయేది అంకుల్" అంది. వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా ముగ్గురు సభ్యులు. పరీక్ష రాస్తూ ఎవరితో మాట్లాడావని అధ్యక్షురాలు అడిగింది. నా నాలుక దురద నాకే తెలుసు. పళ్లు బిగించుకున్నాను. హరిణి నిటారుగా కూర్చుని ఇంగ్లీషులో జవాబు చెప్పింది.

"దేవుడితో, మేడమ్. కనబడని వ్యక్తితో మాట్లాడానన్నది నిజమే. కాని ఆ వ్యక్తి ఇంతవరకూ ఎవరికీ ఒక్క జవాబు కూడా చెప్పిన దాఖలా లేదు."

మిగతా సభ్యులిద్దరూ నవ్వేశారు. అధ్యక్షురాలు నవ్వాపుకుంటూ "బాగా చెప్పావు" అంది. అక్కడితో ఊరుకోవచ్చు. హరిణి ఊరుకోలేదు.

"ఆ మాట నాది కాదు, మేడమ్. సుభద్ర గారిది. ఈ కుర్చీలో కూర్చోవాల్సింది ఆవిడే. ఈ మధ్యనే చనిపోయారు."

అధ్యక్షురాలు పెన్ను తీసుకుని, ఆ పేరు ఎలా రాయాలని అడిగింది. హరిణి ఒక్కొక్క అక్షరమే నిదానంగా చెప్పింది. మోసం చేసిందని పిలిపించిన పిల్ల, తనకు మేలు చేసిన ఒక్క మాటను కూడా తనదిగా ఉంచుకోలేదు. నేను నోరు మెదపలేదు. కన్నీళ్ల గురించి ఆ నిబంధనల్లో ఏమీ లేదు.

ఫిర్యాదు కొట్టేశారని నిన్న తెలిసింది. సాఫ్ట్‌వేర్ మాత్రం యథాప్రకారం కాపలా కాస్తూనే ఉంది. వచ్చే వారం వాటర్లూలో మరో విద్యార్థి విచారణ. "నేను పోయి కూసుంట అంకుల్, మీకు ఆఫీసుంటది గదా" అంటోంది హరిణి. సుభద్ర గారి వంటి మనీషి మనకు మళ్లీ దొరకరు. ఆ లోటు తీరేది కాదు, తీరుతుందని నన్ను నేను మభ్యపెట్టుకోను. కాని ఆ కుర్చీ ఖాళీగా ఉండదు. ఏ పిల్లా ఆ గదిలోకి ఒంటరిగా వెళ్లదు. ఇది మా మాట.

సుభద్ర గారూ, నమస్కారం. మీ కామాలు ముట్టుకోలేదు. ఈ వ్యాసంలో బాగున్న మాటలన్నీ మీవే. పేరు పెట్టాను.