అరుగు మీద బెల్జియం సీసా

మా మేనత్త రాజవ్వకు కల్లు బంద్ పెట్టారని తెలిసిన రోజే సిరిసిల్ల పోవాలని నిశ్చయించుకున్నాను. బంద్ పెట్టింది డాక్టరు కాదు, ఆమె కొడుకు శీను. మొగుడు పోయాక ఏండ్లకేండ్లు నూలు కండెలు చుట్టి, ఆ కొడుకును పెంచి, ఒక సాంచాల షెడ్డుకు యజమానిని చేసింది మా అత్తమ్మ. మరమగ్గాలను సిరిసిల్లలో సాంచాలంటారు. పొద్దుగూకే వేళ పని ముగించి, ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఒక సీసా కల్లు తాగడం ఆమెకు అలవాటు. ఆ వాడలో ఆడవాళ్లు కల్లు తాగడం ఎన్నడూ వింత కాదు. పండుగకు తాగుతారు, పెండ్లికి తాగుతారు, చావుకూ తాగుతారు. ఇప్పుడు మనవరాలు అఖిలకు హైదరాబాదు సంబంధం వస్తోంది కాబట్టి అది పరువు తక్కువైపోయింది. శీను స్వయంగా దుకాణానికి పోయి మా అమ్మకు కల్లు పొయ్యొద్దని చెప్పి వచ్చాడు. ఆ సంబంధం మాట మొదలైంది మాత్రం కరీంనగర్ బారులో, శీను విస్కీ గ్లాసు ముందు. అది విన్నప్పటినుంచి నాకు కడుపు మండుతూనే ఉంది.

అత్తమ్మ ఊరుకునే రకం కాదు. కండెలు చుట్టడం మానేసింది, కొడుకుతో మాటలు మానేసింది. నాకు ఫోను చేసి ఒక్కటే అడిగింది.

"కల్లు తాగొద్దన్నడు గదా, తాగ. కల్లు గానిదేదన్న ఉంటే శనివారం తే బిడ్డా. గా అరుగు మీదనే కూసోని తాగుత. ఎవలేమంటరో చూస్త."

నేను జగిత్యాలలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. ఏడాదికి రెండు మూడు సార్లు బీరు తాగుతాను, దాచుకుని తాగను. కోరుట్లలో నా డిగ్రీ స్నేహితురాలు స్వరూప ఇంట్లో ఒక వింత సీసా ఉందని విన్నాను. ఆమె మరిది వంటమనిషి. మొదట దుబాయి పోయి, అక్కడి హోటల్ వాళ్లతోనే బెల్జియం చేరాడు. పోయినసారి వచ్చినప్పుడు రెండు బీరు సీసాలు తెచ్చాడట, ఒకటి అప్పుడే అయిపోయిందట. ఆ రెండోది నాకిమ్మని స్వరూపను అడిగాను. వచ్చి తీసుకుపొమ్మంది.

శనివారం పొద్దున ఏడున్నరకు జగిత్యాల బస్టాండులో మెట్‌పల్లి బస్సు ఎక్కాను. ఆడవాళ్లకు ఉచితం కదా, ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్టు కొట్టిచ్చాడు. దారి పొడుగునా పసుపు ఉడకబెడుతున్నారు. మేడిపల్లి దాటేదాకా కిటికీలోంచి ఆ ఘాటు వాసనే. పక్కసీట్లో ఒడిలో బీడీల బుట్ట పెట్టుకున్న ఆమె, ఏం పనిమీద పోతున్నావని అడిగింది. మా అత్తమ్మకు తాగడానికి ఒకటి తేవడానికని చెప్పాను. మందు గోలీలు అనుకున్నట్టుంది, పెద్దవాళ్లకు తప్పదని నిట్టూర్చింది.

ఎనిమిదిన్నరకు కోరుట్లలో దిగి స్వరూప ఇంటికి నడిచాను. ఒకప్పటి పెద్ద భూస్వాముల ఇల్లు అది. ఇప్పుడు ముందుభాగం ఎరువుల దుకాణం. సర్వపిండి, పచ్చి పులుసు పెట్టింది. మొదటి సీసా గతి తింటూ ఉండగానే చెప్పింది. ఆమె భర్త, ఇంకో మరిది దానిలో కూల్‌డ్రింకు కలిపి, ఐసు వేసి, దగ్గుమందులా ఉందని తిట్టి పారబోశారట. మరి రెండోది ఎక్కడుందంటే స్వరూప నన్ను దేవుడి అర్రలోకి తీసుకుపోయింది.

పటాల పక్కన, దీపం కుందికి ఎడమవైపు నిలబడి ఉంది మన సీసా. నల్లగా, బరువుగా ఉంది. మూతికి బెండు బిరడా, దానిమీద తీగ కట్టు. లేబుల్ మీద పొడుగు అంగీ వేసుకున్న తెల్లగడ్డం ముసలి సన్యాసి బొమ్మ. ఆ సన్యాసి నొసటన ఎర్రగా కుంకుమ బొట్టు, కింద పసుపు. స్వరూప అత్తగారు దాన్ని ఆ దేశపు తీర్థమనుకున్నారు. చిన్నకొడుకు అంత దూరం నుంచి మోసుకొచ్చాడు కదా, ఇంకేమవుతుందని. నెలల తరబడి రోజూ దానికి బొట్టు పెడుతున్నారు. నిజం చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. ఇంతమంది ఒక ముసలామెకు నిజం చెప్పలేకపోవడమేంటి? పెద్దమ్మా, ఇది బీరు అని, అక్కడే కూర్చున్న ఆ అత్తగారికి నేనే చెప్పాను. వాళ్ల దేశంలో మఠాల్లో ఉండే సన్యాసులు ఇట్లాంటివి చేసేవాళ్లని, దీనిలో ధనియాలు, లవంగం, నారింజ తొక్క వేసి, చెక్క పీపాల్లో నెలలకు నెలలు నిలవ ఉంచుతారని, మామూలు బీరుకు రెండింతలు ఎక్కుతుందని వివరంగా చెప్పాను. స్వరూప గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఎవరికోసమో కూడా చెప్పాను. స్వరూప అత్తగారు సీసాను కిందికి తీసి కొంగుతో దుమ్ము తుడిచారు.

"సామిలే చేసిండ్రంటవు. గట్లయితే తీర్థమే అన్నట్టు. మీ అత్తకియ్యి. బొట్టు మాత్రం తుడువకు."

బయటికి వచ్చాక స్వరూప నా చెవిలో ఒక సలహా ఇచ్చింది. దారిలో ఎవరైనా అడిగితే కషాయమని చెప్పమంది, వాసన కూడా అట్లాగే ఉంటుందట.

మీలో ఎవరైనా ఇట్లాంటి సీసాతో ఈ దారిన పోతే రెండు జాగ్రత్తలు. సీసాను పడుకోబెట్టొద్దు, అడుగున మడ్డి ఉంటుంది. ఇంజిన్ వేడి తగిలే సీటులో అసలే కూర్చోవద్దు. నేను పాత చీరలో చుట్టి, సంచిలో నిలబెట్టి, ఒడిలో పెట్టుకున్నాను. పదకొండు దాటాక వేములవాడ బస్సు దొరికింది. కథలాపూర్ దాటగానే ఒక గుంతలో బస్సు ఎగిరిపడి, సీసా ముందుసీటు కడ్డీకి తగిలి ఖంగుమంది. పక్కన తెల్లచొక్కా పెద్దమనిషి అది నూనె సీసానా అని అడిగాడు. కషాయం అన్న మాట నాలుక చివరికి వచ్చింది. ఎందుకనాలి? నేనేమైనా దొంగతనం చేశానా?

"బీరు" అన్నాను.

"ఎవలకు?"

"మా అత్తమ్మకు. నాకు గూడ."

ఆయన కిటికీ వైపు తిరిగి రుద్రంగి దాకా నా వైపు చూడలేదు. కండక్టర్ విన్నాడు. వచ్చి సీలు చూసి, బస్సులో మాత్రం మూత తియ్యొద్దని చెప్పి పోయాడు. ముందుసీట్లోని ఒక పెద్దావిడ మాత్రం పూర్తిగా వెనక్కి తిరిగింది.

"కల్లు కంటె మంచిగుంటదా?"

తాగి చెబుతానన్నాను. తాను చందుర్తిలో దిగిపోతుందట, ఇంకెట్లా తెలుస్తుందని చిన్నబుచ్చుకుంది. దిగేటప్పుడు కూడా నా సంచి వైపే చూసింది.

వేములవాడలో ఒంటిగంటకు భోజనం, వంద రూపాయలు, పప్పు బాగుంది. అక్కడినుంచి సిరిసిల్లకు అరగంట కూడా పట్టలేదు. అత్తమ్మ వాడలోకి మలుపు తిరగగానే సాంచాల టకటకలు మొదలయ్యాయి. ఆ చప్పుడులో పుట్టినవాళ్లకు అది వినపడదు, కొత్తగా వచ్చినవాళ్లకు ఇంకేమీ వినపడదు. నేను రెంటికీ మధ్య మనిషిని.

అత్తమ్మ అరుగు మీదే ఉంది. ఆకుపచ్చ అంచు చీర కట్టి, తల దువ్వుకుని, పక్కన రెండు స్టీలు గ్లాసులు బోర్లించుకుని కూర్చుంది. అప్పుడు తెలిసింది నాకు, పెండ్లిచూపులవాళ్లు ఆ సాయంత్రమే వస్తున్నారని. తెలిసే నన్ను ఈ రోజు రమ్మన్నావా అని అడిగితే, మరెప్పుడు రమ్మంటానని తిరిగి అడిగింది. శీను లోపలినుంచి పరుగున వచ్చాడు.

"వదినె, నీ కాళ్లు మొక్కుత. లోపట కూసోని తాగుండ్రి. నేనే గ్లాసులు కడిగి ఇస్త."

అత్తమ్మ వాడితో మాట్లాడటం లేదు కదా, జవాబు నాకు చెప్పింది.

"లోపట తాగేదుంటే ఇన్ని దినాలు ఎందుకు ఊకుందును బిడ్డా? దొంగతనంగ తాగుడు నాకు రాదని వానికి చెప్పు."

వాడు పక్కనే ఉన్నాడు, నేను చెప్పే అవసరం లేకపోయింది. వాడి ముఖం చూస్తే జాలేసింది కూడా. బిడ్డ పెండ్లి చెడిపోతుందన్న భయం వాడిది, అది నాటకం కాదు. అయినా నేను సంచి విప్పాను.

తీగ విప్పి బిరడా కొద్దిగా కదిపానో లేదో, బస్సు కుదుపులన్నీ దాచుకున్న సీసా ఢామ్మంది. బిరడా ఎగిరి షెడ్డు రేకుల మీద పడింది. లోపలి కార్మికుడు ఒకాయన సాంచ ఆపి బయటికి వచ్చి చూశాడు. నురుగు పొంగుతుంటే అత్తమ్మ కల్లు పట్టినట్టే గ్లాసు కింద పట్టింది. నాలుగు చుక్కలు నేల మీద వంచి, పోచమ్మ తల్లికి సాక పోసి, తడి వేళ్లు కళ్లకద్దుకుంది. అంత దూరం నుంచి వచ్చింది మట్టిలో పోతోందని ఒక్క క్షణం నా ప్రాణం ఉసూరుమంది. తర్వాత ఆ తల్లికి మాత్రం ఎప్పుడు దొరకాలి అనిపించి నేనూ రెండు చుక్కలు వంచాను.

రంగు ముదురు బెల్లం పాకం రంగు. ముక్కు దగ్గర పెట్టుకుంటే నారింజ తొక్క, దంచిన ధనియాలు. మొదటి గుక్క తియ్యగా వచ్చి, మధ్యలో లవంగం చురుక్కుమని, చివర ఏండ్లుగా తెరవని చెక్కపెట్టె మూత తీసినప్పటి వాసన నాలుక మీద నిలబడిపోయింది. చిరుచేదు. గొంతు దిగాక ఛాతీలో నెమ్మదిగా వెచ్చదనం. గబగబా తాగేది కాదిది. అత్తమ్మ కళ్లు మూసుకుని చాలాసేపు నోట్లోనే ఉంచుకుంది.

"కల్లుకు ఒక్క దినమే ఆయుస్సు" అంది చివరికి. "ఇది ముసల్దైనంక మంచిగైంది బిడ్డా. నాలెక్క."

ఇద్దరం నవ్వుకున్నాం. రెండో గ్లాసు సగంలో ఉండగా నాలుగున్నరకు కారు వచ్చింది. పిల్లవాడు, తల్లి, తండ్రి. శీను ఎదురుపోయాడు. వాళ్లు లోపలికి పోవాలంటే మా అరుగు పక్కనుంచే పోవాలి. తండ్రి ఆగాడు. గాలిలో ధనియాలు, లవంగాల వాసన బాగా ఉంది. ఏం తాగుతున్నరమ్మా అని మర్యాదగానే అడిగాడు.

"కషాయం అన్నా" అన్నాడు శీను. "అమ్మకు దగ్గు."

ఎవరైనా నమ్మే మాటే. ఆ వాసనకు అంతకన్నా సరిపోయే పేరు లేదు. అందరికీ సులువైన దారి దొరికింది. పిల్లవాడి తల్లి ముఖం విచ్చుకుంది. అఖిల చాయ్ పళ్లెంతో గుమ్మంలో నిలబడి నాయినమ్మనే చూస్తోంది. బస్సులో నిజం చెప్పిన నేను ఇక్కడ నోరు విప్పలేదు. ఇక్కడ మాట్లాడాల్సింది నేను కాదు. అత్తమ్మ గ్లాసు కింద పెట్టి, అన్ని రోజుల తర్వాత మొదటిసారి కొడుకు ముఖం చూసి మాట్లాడింది.

"నాకు దగ్గు లేదు శీనూ."

తర్వాత వాళ్ల వైపు తిరిగింది.

"కషాయం గాదయ్యా, బీరు. దినాం కల్లు తాగుదును, గీ అరుగు మీదనే. మీరస్తున్నరని నా కొడుకు బంద్ పెట్టిండు. మీరు గడియసేపు కూసోని పోతరు. నేను రోజు గీడ బతకాలె."

సాంచాలు కొట్టుకుంటూనే ఉన్నాయి. అఖిల సిద్దిపేటలో ఒక ఆసుపత్రిలో నర్సు, నిదానమైన పిల్ల. పళ్లెం అరుగు మీద పెట్టి నాయినమ్మ పక్కన కూర్చుంది. ఆ గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగి ముఖం చిట్లించింది. నచ్చలేదని తెలుస్తూనే ఉంది.

"మాట్లాడేదుంటే గీడనే మాట్లాడుండ్రి. మా నాయినమ్మ లోపటికి రాదు" అంది.

ప్లాస్టిక్ కుర్చీలు బయటికి వచ్చాయి. పెండ్లిచూపులు వాడ మధ్యలో, అందరి కళ్ల ముందు జరిగాయి. తల్లి చాయ్ ముట్టలేదు. తండ్రి పత్తి రేటు గురించి మాట్లాడాడు. పిల్లవాడు మాత్రం సీసా చేతిలోకి తీసుకుని లేబుల్ అంతా చదివి, సన్యాసికి బొట్టు ఎవరు పెట్టారని అఖిలను అడిగాడు. ఆ ఒక్కసారే ఆమె నవ్వడం చూశాను. అరగంటకు లేచి, ఫోన్ చేస్తామని చెప్పి పోయారు. శీను కుర్చీలు ఎత్తి లోపల పెట్టి షెడ్డులోకి పోయాడు. అత్తమ్మ లేచి, ముఖం కడుక్కుని, కండెలు చుట్టడానికి కూర్చుంది.

రాత్రి అక్కడే పడుకున్నాను. పొద్దున అరుగు మీద చాయ్ తాగుతుంటే శీను స్కూటరు మీద వచ్చాడు. చేతిలో నల్ల కవరు. గుమ్మం ముందు కాసేపు నిలబడ్డాడు, లోపలికి పోవాలా ఇక్కడే ఆగాలా తెలియనట్టు. తర్వాత కవరులోంచి కల్లు సీసా బయటికి తీసి, అత్తమ్మ రోజూ కూర్చునే చోట పెట్టాడు. ఖాళీ కవరు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అమ్మా, కల్లు" అన్నాడు.

అత్తమ్మ తొందరపడలేదు. ముసలి సన్యాసి సీసా లోపల మాత్రమే కడిగి ఆరబెట్టి ఉంది, బొట్టు చెదరలేదు. దాన్ని చూపించి, "గా సీసల పొయ్యి బిడ్డా" అంది. వాడు ఒక్క చుక్క కింద పడకుండా పోశాడు.

తొమ్మిదింటికి బయలుదేరి వేములవాడ, కొండగట్టు మీదుగా తిరిగొచ్చాను. మల్యాల దగ్గర అఖిల ఫోన్ చేసింది. హైదరాబాదు నుంచి కబురు రాలేదట. రాకపోతే పోనీ పెద్దమ్మా అంది. వెనకనుంచి సాంచాల మోత, అత్తమ్మ ఎవరినో గదమాయిస్తున్న గొంతు వినపడ్డాయి.

చందుర్తిలో దిగిపోయిన అమ్మా, నువ్వడిగిన దానికి జవాబు బాకీ ఉన్నాను. నేను బయలుదేరే ముందు శీను తెచ్చిన కల్లు రుచి చూసి, మా అత్తమ్మ కల్లే మంచిగుందంది, నేనూ కాదనను. కానీ ఇంటి ముందు, పగటి వెలుగులో, దాని పేరు దానికి పెట్టి తాగితే ఈ బీరు కూడా చాలా మంచిగుంటది.