మామయ్యను నేలకు దించిన బంద్

మొన్న తార్నాకలో మందుల షాపువాడు నా జబ్బకు రక్తపోటు చూసే పట్టీ చుట్టి గాలి కొడుతుంటే, వాయుసేనలో వింగ్ కమాండరుగా ఉన్న రోజుల మా మేనమామ గుర్తొచ్చాడు. యుద్ధవిమానాన్ని తలకిందులుగా నడిపిన ఆ మహానుభావుడు ముల్లోకాల్లోనూ భయపడింది ఆ పట్టీ ఒక్కదానికే. రక్తపోటు ఎక్కువ చూపిస్తే ఇక విమానం ఎక్కనివ్వరు మరి.

ఒకసారి చూపించనే చూపించింది. మళ్ళీ పరీక్షిస్తామనీ, అప్పుడూ తప్పితే ఎగరడం ఈ జన్మకు లేనట్టేననీ చెప్పారు. సెలవు పెట్టి మా ఇంటికొచ్చిన తమ్ముడి కోసం అమ్మ ఇంటిల్లిపాదికీ ఉప్పు మాన్పించింది. ఆవకాయ జాడీకి ఆమె కాసిన కాపలా ఏ దేశ సరిహద్దులోనూ ఉండదు. ఆయన గుండె అదురుతుందేమోనని మేం తుమ్ములు కూడా వీధిలోకి వెళ్ళి తుమ్మేవాళ్ళం.

తీరా పరీక్ష రోజున తెలంగాణ బంద్. మిలిటరీ ఆస్పత్రికి బస్సు లేదు, ఆటో లేదు. యూనిఫాంలో ఉన్న మామయ్యను వెంటబెట్టుకొని యూనివర్సిటీ లోపలి అడ్డదారిన బయలుదేరితే, హాస్టల్ దగ్గర విద్యార్థులు ఆపారు.

"ఎవరు సార్ మీరు, పోలీసా?"

"కాదు నాయనా, ఎయిర్‌ఫోర్స్. పరీక్షకు వెళ్ళాలి."

"మా పరీక్షలే బంద్ అయినయ్, మీకేం పరీక్ష సార్?"

"బీపీ."

"గిదేంది సార్, గీ దినమే దొరికిందా మీకు? పోండ్రి. మెల్లగ పోండ్రి, ఉరకకుండ్రి."

అంతలో పోలీసులు పేల్చిన బాష్పవాయు గుండు మా ముందే పడింది. మెల్లగా పొమ్మన్న ఆ కుర్రాడే మామయ్య చెయ్యి పట్టి లాగుతూ "ఉరుకుండ్రి సార్" అన్నాడు. కళ్ళ నీళ్ళు కారుతుండగా సగం హైదరాబాదు పరుగెత్తినట్టు పరుగెత్తాం. మామయ్య పరుగెడుతూనే రెండో చేత్తో మెడ మీద నాడి వెతుక్కుంటున్నాడు. అప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆయన ముఖం చూశాక మరి రాలేదు.

ఆస్పత్రిలో పడుకోబెట్టి, ఆగి, మళ్ళీ మళ్ళీ చూశారట. రక్తపోటు దిగిరాలేదు.

ఆ తరవాత ఆయన బల్లల వెనక కూర్చునే ఎయిర్ కమోడోర్ దాకా ఎదిగాడు. సన్మానాలు జరిగాయి, దండలు పడ్డాయి. విమానం మాత్రం ఎప్పుడూ ప్రయాణికుడిగానే ఎక్కాడు.

రాష్ట్రం వచ్చింది. ఆ కుర్రాళ్ళు ఎక్కడ కొలువులు చేస్తున్నారో, ఇంకా వెతుక్కుంటున్నారో తెలియదు. రిటైరైన మామయ్య రోజూ ఆ క్యాంపస్‌లోనే నడుస్తాడు. ఇప్పుడు దారులన్నీ తెరిచే ఉంటాయి, బయట రోడ్డెక్కితే తల మీద మెట్రో పోతుంటుంది, ఆస్పత్రికి చిటికెలో చేరిపోవచ్చు. ఆయనకే ఎక్కడికీ తొందర లేదు.