ఫ్లాస్కు దగ్గర చెప్పిన మాట

ఏళ్ళ తరబడి ఒకే పని చేసిన మనిషికి ఆ పని మీద మొహం మొత్తితే తప్పు పట్టడానికేం లేదు. సునందకు మాత్రం చైతు మీద మొహం మొత్తింది. అదీ అతను ఎదురుగా లేనప్పుడు కాదు, తిరిగొచ్చి "అక్కా, బాగున్నరా?" అని నవ్వుతూ నిలబడినప్పుడు.

సునంద ఢిల్లీ సరోజినీ నగర్ ప్రభుత్వ క్వార్టర్లలో పుట్టి పెరిగింది. పెళ్ళయ్యాక భర్త సుధీర్ ఉద్యోగం పుణ్యమా అని మళ్ళీ ఆ క్వార్టర్లకే చేరింది. రోజూ పొద్దున్నే మెట్రో ఎక్కి గురుగ్రామ్ వెళ్ళి, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో బిజినెస్ అనలిస్టుగా పనిచేస్తుంది. పేరు ఘనంగానే ఉంది. పనేమిటంటే, క్లయింటు కంపెనీకి వెళ్ళడం, అక్కడివాళ్ళు ఏ పని ఎలా చేసుకుంటున్నారో ఓపిగ్గా వినడం, విన్నదాన్ని ప్రోగ్రాములు రాసేవాళ్ళకు అర్థమయ్యేలా రాసిపెట్టడం. వినడంలో సునందను మించినవాళ్ళు ఆ ఆఫీసులో లేరు. పెద్ద ఆఫీసరు చెప్పనిది గుమాస్తా దగ్గర, గుమాస్తా చెప్పనిది డ్రైవరు దగ్గర రాబట్టేది.

చైతు వరంగల్లు కుర్రాడు. కలెక్టరైపోదామని ఢిల్లీ వచ్చి, కటవారియా సరాయ్‌లో కిటికీ లేని గదిలో మకాం పెట్టి, పరీక్షలన్నీ పోగొట్టుకుని, చివరికి ఈ కంపెనీలో తేలాడు. అప్పటికి హిందీలో "భయ్యా" తప్ప ఇంకో మాట ధైర్యంగా అనేవాడు కాదు. సునందే పక్కన కూర్చోబెట్టుకుని ఓనమాలు దిద్దించింది. ఎవరిని ఏం అడగాలో, ఎప్పుడు నోరు మూసుకోవాలో నేర్పింది. మొట్టమొదటి రోజే ఒక మాట చెప్పింది.

"టీ తాగుతూ ఎవరైనా ఏదైనా చెప్తే దాన్ని మీటింగులో వాళ్ళ పేరు పెట్టి అనకు. ముందు మనవాళ్ళతో విడిగా మాట్లాడి దారి చూడాలి. ఒక్కసారి పేరు బయటపెట్టావా, ఇంక నీకెవరూ నిజం చెప్పరు. సమఝే?"

"సమజైంది అక్కా," అన్నాడు చైతు. నిజంగానే సమజైంది వాడికి, అదే వచ్చిన చిక్కు.

ఆ తర్వాత కంపెనీ మారాడు. పెద్ద పెద్ద సంస్థల కొనుగోళ్ళు, సరుకు, జీతాలు, లెక్కలు అన్నీ ఒకే చోట నడిపే తయారు సాఫ్ట్‌వేరు ఉంటుంది, దాన్ని ప్లాట్‌ఫామ్ అంటారు. అందులో చదవాల్సినవన్నీ చదివి, పాసవ్వాల్సినవన్నీ పాసై, కన్సల్టెంటు అయ్యాడు. ఇప్పుడు పాత కంపెనీయే పిలిచి, కొత్తగా పెట్టిన ప్లాట్‌ఫామ్ టీముకు పెద్దను చేసింది. అనలిస్టు "మీకేం కావాలండీ?" అని అడుగుతుంది. కన్సల్టెంటు "ఇది ఇలా ఉంటుంది, మీరే కాస్త మారండి" అంటాడు. తమాషా ఏమిటంటే, అడిగినవాళ్ళకు విసుక్కుంటూ జవాబిచ్చే జనం, మారమన్నవాడికి మాత్రం తల ఊపుతారు. సునంద అన్నేళ్ళు అడుగుతూనే ఉండిపోయింది.

నేహా ఆమె మేనేజరు. ఒక మధ్యాహ్నం పిలిచి తేల్చి చెప్పేసింది. అనలిస్టుల పని తగ్గిపోతోంది, ప్లాట్‌ఫామ్ టీములోకి ఈ ఏడు ఒక్కరినే తీసుకుంటారు, ఎవరిని తీసుకోవాలో చైతు చెప్పాలి. మానేసర్‌లో ఫ్యాన్లు తయారుచేసే కంపెనీ పని అతనితో కలిసి చేస్తే అతనే చూస్తాడు. అంటే నిన్నటి శిష్యుడు నేడు పరీక్ష పెడతాడన్నమాట. సునంద "థ్యాంక్యూ నేహా" అని నవ్వి, బాత్రూములోకి వెళ్ళి కసిదీరా మొహం కడుక్కుంది.

"నీ శిష్యుడే కదా, సంతోషించు," అన్నాడు సుధీర్ ఆ సాయంత్రం, వంకాయలు తరుగుతూ.

"మీ దగ్గర ట్రైనింగైన క్లర్కు రేపు మీ కుర్చీలో కూర్చుంటే మీరు సంతోషిస్తారా?"

"మా దగ్గర అలా కూర్చోనివ్వరుగా, సీనియారిటీ ఉంటుంది," అన్నాడు ఆయన, చాలా నిశ్చింతగా. ఆ నిశ్చింత చూసి ఆవిడకు ఇంకాస్త ఒళ్ళు మండింది.

అసూయంటే అసూయే, దానికి ముసుగులెందుకు. చైతు హిందీ ఇప్పుడు గడగడ పారుతోందని ఆమెకు అసూయ. అతని చొక్కా నలగదని అసూయ. అతను బోర్డు మీద రెండు గీతలు గీస్తే గదంతా నిశ్శబ్దమైపోతుందని అసూయ. అన్నిటికన్నా, తనను అందరి ముందూ "మా అక్క నేర్పిందే ఇదంతా" అని పరిచయం చేస్తాడే, ఆ మంచితనం మీద మరీ అసూయ. కాస్త పొగరు చూపిస్తే హాయిగా తిట్టుకునేది కదా.

ఇక మానేసర్. ఫ్యాన్ల కంపెనీ గోడౌను చూసేది భీమేశ్వరరావుగారు. కాకినాడ మనిషి, ఎయిర్‌ఫోర్సులో రిటైరై ఇక్కడే స్థిరపడ్డాడు. సునంద తెలుగులో నమస్కారం పెట్టగానే ఆయన మొహం విప్పారింది. బల్ల కింద నుంచి ఫ్లాస్కు తీసి ఆమెకు టీ పోశాడు. అది ఇంటి నుంచి వచ్చే అల్లం టీ, క్యాంటీన్ టీ ఆయన ముట్టడు. ఆ టీ ఎవరికి పడితే వాళ్ళకు పోయడని గోడౌనంతా తెలుసు.

"అమ్మాయ్, మన తెలుగుపిల్లవని చెప్తన్నాను. ఆర్డరు మీద పైవాళ్ళ సంతకం అయితేనే సరుకు దింపాలని రూలు. కానీ లారీ సందేళ వస్తది, సంతకం పెట్టే ఆయన అప్పటికే ఇంటికెళ్ళిపోతాడు. లారీని రోడ్డు మీద నిలబెడితే పోలీసోళ్ళు ఊరుకోరు, డ్రైవరు సరుకుతో తిరిగెళ్ళిపోతాడు. అందుకని నా మాట మీద దింపించేస్తాను. సంతకం తర్వాతొస్తది. ఇన్నేళ్ళలో ఒక్క మోటారూ పోలేదనుకో. ఈ కొత్త మిషనులో దానికి దారుందో లేదో చూడు తల్లీ."

దారి లేదు. సంతకం కానిదే సరుకు తీసుకోవడానికి ప్లాట్‌ఫామ్ ఒప్పుకోదు. చైతు గీసిన ప్లానులో ఆ సంగతే లేదు. సునందకు అది తెలిసిన క్షణంలో ఎంత సంతోషం కలిగిందో చెప్తే బాగుండదు గానీ, కలిగింది. ఆ సాయంత్రమే చైతుకు ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. చెయ్యి ఫోను దాకా వెళ్ళి ఆగింది. రేపు మీటింగుంది కదా, అక్కడే చెప్దాం అనుకుంది.

మరుసటి రోజు గదిలో ఫ్యాన్ల కంపెనీ డైరెక్టరు ఖన్నా, ఆయన మనుషులు, ఓ మూల కుర్చీలో భీమేశ్వరరావుగారు, నేహా ఉన్నారు. చైతు బోర్డు దగ్గర నిలబడి, ఆర్డరు, దాని మీద సంతకం, ఆపైన సరుకు అంటూ గీతలు గీశాడు. "ఇంతే. మీ దగ్గర ఇంతకు మించి ఏమైనా జరుగుతుందా?" అన్నాడు హిందీలో. ఖన్నా మెచ్చుకోలుగా తల ఊపాడు.

ఆ ఊపుకి సునందకు తల తిరిగిపోయింది.

"జరుగుతుంది," అంది. "సంతకం లేకుండానే సరుకు దిగుతోంది. గోడౌన్లో భీమేశ్వరరావుగారు తన మాట మీదే దింపుతారు. ఏళ్ళుగా. ఈ ప్లాను అమల్లోకొచ్చిన వారానికే మీ ఫ్యాన్ల తయారీ లైను ఆగిపోతుంది."

ప్రతి అక్షరం నిజం. చైతుకు గాలి తీసేసినట్టే అయింది, చేతిలో మార్కరు అలాగే ఆగిపోయింది. నేహా కనుబొమలు పైకి లేచాయి. ఆ ఒక్క క్షణం సునందకు లడ్డూ తిన్నంత తీపి. మరుక్షణం ఖన్నా కుర్చీ తిప్పి, మూలన కూర్చున్న ముసలాయన వైపు చూశాడు.

"రావ్ సాబ్, ఇది నిజమేనా?"

భీమేశ్వరరావుగారు లేచి నిలబడ్డాడు, ఎయిర్‌ఫోర్సులో నిలబడినట్టు. "నిజమే సార్," అన్నాడు. సునంద వైపు చూడలేదు.

"సార్, తప్పు నా ప్లానుది," అన్నాడు చైతు వెంటనే. "మీ లారీలు ఏ వేళకు వస్తాయో నేను అడగాల్సింది. ఆయన అలా దింపించకపోతే మీ లైను ఎన్నిసార్లు ఆగేదో ముందు అది చూడండి. అత్యవసరంగా దింపే దారొకటి మేమే పెడతాం, ఆయన పేరు మీదే, రూలు ప్రకారం." అంటూనే బోర్డు మీద ఇంకో గీత గీశాడు. ఖన్నా కాసేపు గొణిగి ఊరుకున్నాడు. భీమేశ్వరరావుగారి ఉద్యోగం నిలబడింది. చైతు ప్లానూ నిలబడింది. పైగా అంతకు ముందుకన్నా బాగా నిలబడింది.

కారిడార్లో సునంద అతన్ని ఆపింది. ఏం చెప్పాలో తోచక, "నిన్న నీకు ఫోన్ చేద్దామనుకున్నాను చైతూ," అంది.

"చేయలేదు కదా అక్కా." గొంతులో కోపం లేదు, అందుకే భరించడం కష్టమైంది. "మీ పేరు నిన్ననే నేహాకు పంపిన. ఇంక ఆలోచించేదేం లేదనుకున్న." వెళ్ళబోతూ వెనక్కి తిరిగాడు. "ఇయ్యాల అడిగుంటే మాత్రం పంపకపోతుంటి."

చైతు ఆమె పేరు వెనక్కి తీసుకోలేదు. ఆ వారంలోనే నేహా అభినందనలు చెప్పింది. సుధీర్ స్వీట్ల డబ్బా తెచ్చాడు. సునంద ఒకటి కొరికి, మిగతాది పళ్ళెంలోనే వదిలేసింది. కోరుకున్నదంతా చేతికొచ్చింది, అదీ తను అసూయపడ్డవాడి చేతి మీదుగా, ఆ పేరు పంపినందుకు వాడు పశ్చాత్తాపపడిన తర్వాత.

కొత్త టీములో మొదటి పని మళ్ళీ మానేసరే. చైతుతో కలిసి వెళ్ళింది. గోడౌను బల్ల ముందు నిలబడి, దారి పొడుగునా కూడబలుక్కున్న మాట అనేసింది.

"నాదే తప్పు బాబాయ్‌గారూ. మీ పేరు చెప్పకుండా ఉండాల్సింది. క్షమించండి."

"అయ్యో, దాందేముంది మేడమ్," అన్నాడు భీమేశ్వరరావుగారు, కుర్చీ చూపిస్తూ. మొన్నటిదాకా అమ్మాయ్. "అడగండి, ఏం కావాలో. ఇప్పుడంతా రూలు ప్రకారమే నడుస్తంది."

ఆమె అడిగింది. ఆయన చెప్పాడు. ప్రతి జవాబూ మర్యాదగా ఉంది, ఒక్కదాన్లోనూ ఆమె రాసుకోదగ్గది లేదు. పని అయ్యాక ఆయన బల్ల కింద నుంచి ఫ్లాస్కు తీసి, గ్లాసు కడిగి, పొగలు కక్కే టీ చైతు ముందు పెట్టాడు.

"మేడమ్‌గారికి క్యాంటీన్ నుంచి తెప్పిస్తాను," అన్నాడు.