మంచినీళ్లే అన్నాను

ఒక అబద్ధాన్ని ఏళ్ల తరబడి మోస్తే కొన్నాళ్లకు దాని బరువు తెలియకుండా పోతుందనుకునేదాన్ని. పోలేదు. ఇప్పుడది ఒట్టి అలసటగా మారింది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెబుతున్నాను.

తొంభైల్లో దివిసీమలో, అవనిగడ్డ దగ్గర ఒక ఊళ్లో ఉండేవాళ్లం. మా ఆయన ఒక పాత డీజిల్ కారు కొని పెళ్లిళ్లకూ ఆస్పత్రులకూ బాడుగకు తిప్పేవారు. నడిపేది నాంచారయ్య. నాకంటే బాగా పెద్దవాడు. కారు కొన్ననాటి నుంచీ మా దగ్గరే ఉన్నాడు.

ఆయిలు మార్చాల్సి వచ్చినప్పుడల్లా కారు బందరు షెడ్డుకు వెళ్లేది. ఇంజన్ ఆయిలు, బ్రేక్ ఆయిలు, ఇంజను వేడెక్కకుండా రేడియేటర్లో పోసే పచ్చటి కూలెంటు. ఆ బిల్లు చూస్తే నాకు కడుపు మండిపోయేది. ఆయిలు డబ్బా ఎంతో కొట్లో అడిగి తెలుసుకున్నాను. మిగతాదంతా కారు కింద దూరి ఒక బోల్టు విప్పి మళ్లీ బిగించినందుకట. ఆ మాత్రం పని మనం చేసుకోలేమా అన్నాను. మా ఆయన నవ్వారు. ఆ నవ్వుకి నాకు పౌరుషం వచ్చింది. నాంచారయ్యను అడిగి ఎలాగో నేర్చుకుని, కుచ్చిళ్లు ఎగదోపి, పాత బేసిను పట్టుకుని నేనే మొదలుపెట్టాను. నల్లటి ఆయిలు బేసిన్లోకి కారుతుంటే ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి చూసేవారు. ఖర్చు సగానికి సగం తగ్గింది. మా ఆయన నన్ను "ఇంజినీరుగారూ" అని ఏడిపించేవారు గానీ, చుట్టాల దగ్గర గొప్పగా చెప్పుకునేవారు. నాకు సంపాదన లేదు. మిగల్చడమే నా సంపాదన అనుకున్నాను. అంతకు ముందు నా గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోలేదు.

కూలెంటు దగ్గర ఆశ పెరిగింది. రంగునీళ్లకు అంత ఖరీదా అని కొనడం మానేసి, ఉత్త నీళ్లు పోశాను. మంచినీళ్లే పోయాలని నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు. మా వైపు బోరింగు కొడితే ఉప్పునీళ్లే వస్తాయి. వాటితో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గిన్నెలు ఆరితే తెల్లటి చార మిగులుతుంది.

ఒక వేసవిలో కాలవలకు నీళ్లు ఆపేశారు. మంచినీళ్ల చెరువు అడుగుకి వచ్చింది. బిందె నిండాలంటే బురదలోకి దిగి, గిన్నెతో తోడి, గుడ్డలో వడకట్టుకోవాలి. ఒక పూట నేను అలా మోసుకొచ్చిన బిందె వంటింటి గట్టు మీద ఉంది. వాకిట్లో కారు రేడియేటరు మూత తీసి ఉంది. తాగే నీళ్లు కారుకు పోస్తామా అనుకున్నాను. వెళ్లి బోరింగు కొట్టాను. వానలు పడ్డాక మార్చేస్తాలే అనుకున్నాను. వానలు పడ్డాయి. మరిచిపోయాను. మరిచిపోయానా, బద్ధకించానా? ఇప్పుడు తేల్చుకోలేను. నీళ్లు తగ్గినప్పుడల్లా నా కాళ్లు అలవాటుగా బోరింగు దగ్గరికే వెళ్లాయి. ఇంజన్ వేడి చూపించే ముల్లు పనిచేయడం మానేస్తే, దాని రిపేరు కూడా నేనే వాయిదా వేయించాను.

మాఘ పౌర్ణమికి సముద్ర స్నానాలకని జనాన్ని మంగినపూడి తీసుకెళ్లి వస్తుండగా ఇంజను పట్టేసింది. బందరు షెడ్డుకు లాక్కెళ్లారు. కబురందుకుని మా ఆయనా అక్కడికి వెళ్లారు. విప్పి చూసి, లోపలి గొట్టాలన్నీ ఉప్పు పట్టి మూసుకుపోయాయనీ, ఇంజను ఇక పనికిరాదనీ చెప్పారట. ఉప్పునీళ్లు ఎవరు పోశారని అడిగారట. మా ఆయనా నాంచారయ్యా బస్సెక్కి ఇంటికొచ్చారు.

నాంచారయ్య గుమ్మం అవతలే నిలబడ్డాడు.

"అమ్మగారూ, మీరు పోసినియ్యి మంచినీళ్లే గదండీ?" అని అడిగాడు.

"మంచినీళ్లే. చెరువు నీళ్లే పోశాను," అన్నాను.

"ఇంకేంటి మరి! మంగినపూడిలో ఏ ఉప్పుకాలవలోనో ముంచి పోసుంటావు," అని మా ఆయన అరిచారు.

"నేను పొయ్యలేదండీ," అన్నాడు నాంచారయ్య. ఆ మాట మా ఆయనకు చెబుతూ చూపు మాత్రం నా వైపు తిప్పాడు. తరవాత కారు తాళాలు అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఇంజను కాల్చేసినవాడని పేరు పడింది. చుట్టుపక్కల ఎవరూ అతని చేతికి బండి ఇవ్వలేదు. చివరికి చేపల చెరువుల మీద కాపలాకు కుదిరాడని విన్నాను.

ఎందుకు చెప్పలేకపోయాను? భయపడ్డానని చాలా ఏళ్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ మా ఆయన చెయ్యెత్తే మనిషి కాదు, నాలుగు కేకలేసి, ఒక పూట అన్నం మానేసి, మర్నాటికి మామూలైపోయేవారు, ఆ సంగతి గుమ్మంలో నిలబడ్డప్పుడు కూడా నాకు తెలుసు. ఇంజినీరుగారూ అని ఇంక పిలవరేమో అనుకున్నాను. అంతే. ఆ వేళాకోళం పిలుపు కోసం ఒక మనిషి నోటి దగ్గర కూడు తీసేశాను. సిగ్గుగా ఉంది.

చాలా కాలం తరవాత నాంచారయ్య బందరు బస్టాండులో కనిపించాడు. జుట్టంతా తెల్లబడింది. నన్ను చూసి, నేనెక్కాల్సిన గుడివాడ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తన తువ్వాలు సీటు మీద వేసి, నాకు చోటు ఆపాడు. "బాగున్నారా అమ్మగారూ?" అన్నాడు. కారు ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. బస్సు కదిలేదాకా కింద నిలబడే ఉన్నాడు. చెబుతానేమోనని నిలబడ్డాడా, మర్యాదకు నిలబడ్డాడా? గుడివాడ వచ్చేదాకా ఏడ్చాను. నా ఏడుపు వల్ల అతనికేం ఒరిగింది?

ఇప్పుడు మేం గుడివాడలోనే ఉంటున్నాం. డ్రైవర్ల ప్రస్తావన వస్తే చాలు, ఇంజను కాల్చేశాడంటూ నాంచారయ్య కథ మొదలుపెడతారు మా ఆయన. నేను ఖాళీ కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోతాను. ఆ మనిషి ఉన్నాడో లేడో తెలియదు. కనుక్కోలేదు. మీరు నన్ను క్షమించక్కర్లేదు, అది మీ చేతిలో లేదు. ఆ రోజు అతను గుమ్మంలో నిలబడి అడిగినదానికి ఒక్కసారైనా సరిగ్గా జవాబు చెప్పాలని ఉంది.

కావు నాంచారయ్యగారూ. నేను పోసినవి బోరింగు నీళ్లండీ.